ఫరో మనసును బండ చేసింది దేవుడైతే తప్పు ఫరోది ఎలా అయింది?

బాపట్ల_బంతిపూలు
అందరికీ వందనాలు. నిర్గమకాండం చదువుతూ ఒక చోట ఆగిపోయాను. ఎనిమిదో అధ్యాయంలో ఈజిప్టు రాజు ఫరో తన హృదయాన్ని తానే కఠినపరచుకున్నాడని ఉంది. తొమ్మిదికి వచ్చేసరికి కఠినపరిచింది యెహోవా అని ఉంది. ఇంకా వెనక్కి వెళితే నాలుగో అధ్యాయంలోనే, మోషే ఫరో ముందు నిలబడకముందే, నేను అతని హృదయాన్ని కఠినం చేస్తానని దేవుడు చెప్పేశాడు. మరి ఇశ్రాయేలు ప్రజల్ని వదిలిపెట్టనందుకు ఆ తెగుళ్ళన్నీ ఫరో నెత్తిన పడటం ఏం న్యాయం? బైబిల్ స్టడీలో అడిగితే "దేవుణ్ణి ప్రశ్నించకూడదమ్మా" అన్నారు. లూథర్, కాల్విన్‌ల వాదాలు కొంత విన్నాను. వాళ్ళకంటే వెయ్యేళ్ళు ముందు, మొదటి నాలుగైదు శతాబ్దాల వాళ్ళు ఏమన్నారో తెలిసినవాళ్ళు చెప్పండి. ప్రసంగాలు మాత్రం వద్దు ప్లీజ్.

పాతకాగితం
మీరు ఆగిన చోటే ఒరిజెన్ కూడా ఆగాడండి. అలెగ్జాండ్రియా మనిషి, సుమారు 185లో పుట్టాడు. క్రైస్తవుడైనందుకు తండ్రి లియోనిడెస్ తల తీశారు. ఒరిజెన్ కూడా ముసలితనంలో డెసియస్ చక్రవర్తి కాలంలో చెరసాలలో చిత్రహింసలు పడ్డాడు. ఆయన 'మూలసూత్రాలు' గ్రంథం మూడో భాగంలో మొదటి అధ్యాయం మొత్తం మనిషి స్వేచ్ఛ మీదే. అందులో ఫరోకి బోలెడు చోటు ఇచ్చాడు.

కారణం ఉంది. వాలెంటినస్ అనే గురువు అనుచరులు మనుషుల్ని స్వభావాన్నిబట్టి విడదీసేవాళ్ళు. ఆత్మసంబంధులు ఎలాగైనా రక్షణ పొందుతారు, మట్టిసంబంధులు ఏం చేసినా పోతారు. ఫరో కథ వాళ్ళకి బాగా పనికొచ్చింది. దానికి ఒరిజెన్ వేసిన ఎదురు ప్రశ్న చూడండి: ఫరో పుట్టుకతోనే చెడినవాడైతే దేవుడు పనిగట్టుకుని కఠినపరచాల్సిన అవసరం ఏమొచ్చింది? అదీ ఒక్కసారి కాదు, పదేపదే! అంటే అతను మెత్తబడే అవకాశం ఉన్నట్టే కదా. ఎదుటివాడు తెచ్చిన సాక్షి చేతే వాడికి వ్యతిరేకంగా చెప్పించడం అంటే ఇదే.

తర్వాత అసలు వివరణ. వాన అన్ని చోట్లా ఒకేలా పడుతుంది. దున్నిన చేలో పంట వస్తుంది, బీడులో ముళ్ళు మొలుస్తాయి. ఇది బైబిల్లో హెబ్రీ పత్రిక, అంటే హెబ్రీయులకు రాసిన ఉత్తరం, ఆరో అధ్యాయంలోది. ఒకే ఎండకి మైనం కరుగుతుంది, బురద గట్టిపడుతుంది. ఇంకోటి కూడా చెప్తాడు, నాకు అదే ఎక్కువ నచ్చింది. నెమ్మదస్తుడైన యజమాని, అలుసు తీసుకుని పాడైపోయిన దాసుడితో "నిన్ను చెడగొట్టింది నేనేరా" అంటాడు. నిజంగా ఆయన చెడగొట్టాడనా? ఆయన ఓర్పును వాడు అలా వాడుకున్నాడని. దేవుడు కఠినపరిచాడన్న మాటను ఈ పద్ధతిలో చదవమంటాడు.

సంస్కృతం_బెంచీ
పాతకాగితం గారూ, వాన దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చున్నాను. బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం, మొదటి పాదం, 34వ సూత్రం: "వైషమ్య నైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్ తథా హి దర్శయతి." ఒకడు సుఖంలో, ఇంకొకడు దుఃఖంలో పుడుతున్నారు కాబట్టి ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ అంటగట్టొచ్చా అని ఆక్షేపణ. శంకరుల భాష్యంలో జవాబు: ఈశ్వరుడు పర్జన్యం లాంటివాడు. వరికీ యవలకీ వాన సాధారణ కారణం. ఏది వరి, ఏది యవ అన్నది విత్తనం తేలుస్తుంది. అలాగే తేడాలకి కారణం జీవుల కర్మ.

ఇద్దరి మధ్యా సుమారు ఐదు వందల ఏళ్ళ ఎడం. ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారని నేను అనడం లేదు. నా అనుమానం వేరు. శంకరుల దగ్గర విత్తనం ఉంది, పైగా తర్వాతి సూత్రంలో అది అనాది అని కూడా చెప్పేశారు. ఒరిజెన్ దగ్గర ఆ విత్తనం ఏది? ఒక నేల దున్ని ఉండటం, ఇంకోటి బీడుగా ఉండటం ఎప్పుడు మొదలైంది?

నిర్వాహకుడు
చర్చ బాగుంది. ఏ మతం గొప్పది అన్న పోటీలోకి మాత్రం దించకండి.

పాతకాగితం
సంస్కృతం గారు సరిగ్గా ఒరిజెన్ మెడ మీదే చెయ్యి వేశారు. ఆ ప్రశ్న ఆయన్ని కూడా పట్టుకుంది. రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయంలో కవలలైన యాకోబు, ఏశావు ఇంకా తల్లి కడుపులో ఉండగానే, మంచీ చెడూ ఏదీ చేయకముందే, దేవుడు యాకోబును ఎంచుకున్నాడు. ఒకడు గ్రీకుల మధ్య చదువుల్లో పుడతాడు, ఒకడు అడవి జాతుల్లో, ఒకడు పుట్టుగుడ్డిగా. ఇది న్యాయమేనా అని, పాత నిబంధన దేవుణ్ణి కాదన్న మార్సియన్ వర్గం నిలదీస్తుంటే ఒరిజెన్ చెప్పింది ఇది: ఆత్మలన్నీ మొదట సమానంగానే సృష్టి అయ్యాయి, దేవుడికి దగ్గరగానే ఉండేవి, ఒక్కొక్కటి తన ఇష్టంతో ఎంత దూరం జారిందో దాన్నిబట్టి ఈ లోకంలో చోటు దొరికింది.

పూర్వజన్మ సుకృతం అని మనవాళ్ళు వెంటనే అనేస్తారు. అది కాదు. మనిషి ఆత్మ జంతువుల్లోకి పోవడాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఆయన దృష్టిలో ఈ లోకం శిక్ష మాత్రమే కాదు, బడి కూడా. చివరికి అందరూ బాగుపడి తిరిగి చేరతారన్న ఆశ ఉంది. ఆ ఆశా, ఆత్మల పూర్వస్థితీ రెండూ తర్వాత చర్చికి మింగుడు పడలేదు. 543లో జస్టీనియన్ చక్రవర్తి ఖండించాడు, 553 కాన్‌స్టాంటినోపుల్ సభ నాటికి ఒరిజెన్ పేరు మతభ్రష్టుల జాబితాలో ఉంది. ఈ స్వేచ్ఛ అధ్యాయం మాత్రం గ్రీకులోనే మిగిలింది, తర్వాత బిషపులైన బసిలూ నజియాంజస్ గ్రెగరీ ఎత్తి రాసుకున్నారు కాబట్టి. మిగతా పుస్తకానికి ఎక్కువగా 398 నాటి రుఫినస్ లాటిన్ అనువాదమే దిక్కు.

లెక్క_తప్పదు
ఇవన్నీ దేవుణ్ణి బోనులోంచి దింపడానికి పడే పాట్లు. నేను నమ్మకం లేనివాణ్ణి, ముందే చెప్పేస్తున్నా. గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పేరు మీద ఒక వాదం ఉంది కదా: దేవుడు కీడును తీసేయాలనుకుని తీసేయలేకపోతున్నాడా, అయితే బలహీనుడు. చేయగలిగీ చేయడం లేదా, అయితే అసూయపరుడు. ఇష్టం, శక్తి రెండూ ఉంటే మరి కీడు ఎక్కణ్ణుంచి వచ్చింది? తమాషా ఏమిటంటే దీన్ని మనకి అందించింది ఒక క్రైస్తవుడే. నాలుగో శతాబ్దం మొదట్లో లాక్టాంటియస్ దేవుని కోపం గురించి రాసిన పుస్తకంలో ఖండించడానికి ఎత్తుకున్నాడు. ఆయన జవాబు: చెడు లేకపోతే మంచీ చెడూ ఎంచే వివేకం మనిషికి రాదు. ప్రశ్న ముందు జవాబు తేలిపోయింది, నాకైతే.

బాపట్ల_బంతిపూలు
లెక్క గారూ, మీరు ఉండండి, పర్లేదు. నాకు ఇంకో డౌట్. మా బంధువుల్లో చర్చికి వెళ్తూనే జాతకం చూపించేవాళ్ళున్నారు. తలరాత అన్న నమ్మకాన్ని అప్పటివాళ్ళు ఏమనేవారు?

కొట్టాయం_కోడలు
దీనికి నేను చెప్తాను. మాది రాజమండ్రి, పెళ్ళయ్యాక కేరళ. అత్తగారివైపు సుర్యానీ (సిరియాక్ క్రైస్తవ) సంప్రదాయం, అందుకే ఆ పాత పుస్తకాల మీద గాలి మళ్ళింది. మొదటి మూడు శతాబ్దాల్లో స్వేచ్ఛ గురించి రాసిన క్రైస్తవులకి పెద్ద శత్రువుల్లో ఒకటి గ్రహాలే.

ఎడెస్సాలో, అంటే ఇప్పటి టర్కీలోని ఉర్ఫాలో, బర్దైసాన్ అని ఒకాయన ఉండేవాడు, 154 నుంచి 222 వరకు. రాజాస్థానంలో మనిషి, విలుకాడు కూడా. ఎదురుగా ఒక కుర్రాడు డాలు పట్టుకుని నిలబడితే, ఆ డాలు మీద బాణాలతోనే వాడి రూపం దింపేవాడని ఆఫ్రికానస్ అనే రచయిత రాశాడు. ఆయన బోధను శిష్యుడు 'దేశాల చట్టాల పుస్తకం'గా రాసి పెట్టాడు. వాదం ఇలా సాగుతుంది. శరీరం ప్రకృతికి లోబడింది: పుట్టడం, పెరగడం, ముసలితనం. డబ్బు, పదవి, జబ్బు వీటిలో గ్రహాల పాలు కొంత ఉండొచ్చు. నడవడిక మాత్రం మనిషి చేతిలో ఉంది. రుజువు ఏమిటంటారా? అన్ని దేశాల్లోనూ అన్ని లగ్నాల్లోనూ పిల్లలు పుడుతున్నారు. అయినా ఒక్కో దేశంవాళ్ళు తమ చట్టం ప్రకారమే బతుకుతున్నారు. ఆ ఉదాహరణల్లో మనం కూడా ఉన్నాం! హిందూ దేశంలో బ్రాహ్మణులు వేలకొద్దీ ఉన్నారు, హత్య చేయరు, మాంసం తినరు, మద్యం తాగరు, వాళ్ళందరి జాతకాలూ ఒక్కటేనా అన్నది ఆయన వాదం. భారతదేశం నుంచి రోము చక్రవర్తి దగ్గరికి వెళ్తున్న రాయబారుల్ని ఆయన కలిశాడని తత్వవేత్త పోర్ఫిరీ చెప్తాడు. కాబట్టి గాలివాటంగా అన్న మాట కాదు.

గ్రహాలకి కొంత వాటా వదిలిపెట్టినందుకు తర్వాతివాళ్ళు ఆయన్ని కూడా తప్పుదారి పట్టినవాడన్నారు. నాకు మాత్రం ఆ వాటా వదలడమే నిజాయతీగా అనిపిస్తుంది. ఏ ఇంట్లో పుడతామో మన చేతిలో లేదుగా.

లెక్క_తప్పదు
జ్యోతిషం మీద ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్ చెప్పిన కథ నాకూ ఇష్టమే, 'ఒప్పుకోళ్ళు' ఏడో భాగంలో ఉంది. ఫర్మినస్ అనే మిత్రుడి తండ్రికీ, ఆయన స్నేహితుడికీ జాతకాల పిచ్చి. ఇంట్లో పశువులు ఈనినా టైము రాసుకునేవాళ్ళట. ఇక్కడ ఫర్మినస్ తల్లి, అక్కడ స్నేహితుడి ఇంట్లో ఒక దాసి, ఇద్దరికీ ఒకేసారి నొప్పులు మొదలయ్యాయి. కబురు చెప్పడానికి రెండిళ్ళ నుంచీ మనుషులు బయల్దేరి సరిగ్గా సగం దారిలో ఎదురుపడ్డారు. అంటే నిమిషం తేడా లేదు, జాతకం ఒక్కటే. ఫర్మినస్ జమీందారు బిడ్డగా చదువుకుని పైకొచ్చాడు, దాసి కొడుకు దాసుడిగానే ఉండిపోయాడు. ఇంతకంటే చక్కటి ప్రయోగం ఎవరు చేయగలరు?

మిలాన్_మేడి
అగస్టీన్ పేరు వచ్చింది కాబట్టి ఇక నేను దిగుతున్నా. బాపట్ల గారి ప్రశ్నకి ఆయన దగ్గర ఒక జవాబు కాదు, వయసునుబట్టి రెండు ఉన్నాయి. ఇది పట్టుకోకపోతే ఎవరైనా ఆయన్ని తమవైపు లాక్కోవచ్చు. లాక్కున్నారు కూడా.

354లో తగాస్తెలో పుట్టాడు, ఇప్పటి అల్జీరియా. కుర్రతనంలో సుమారు తొమ్మిదేళ్ళు మానీ మతంలో ఉన్నాడు. మానీ మూడో శతాబ్దంలో బాబిలోను ప్రాంతంవాడు. వెలుగు, చీకటి రెండూ అనాది శక్తులనీ, లోకం వాటి యుద్ధమనీ చెప్పాడు. ఇందులో అగస్టీన్‌ని పట్టుకున్నది ఏమిటో ఆయనే దాచకుండా రాశాడు: పాపం చేస్తున్నది నేను కాదు, నాలో ఉన్న వేరే ఏదో స్వభావం అనుకోవడం తన గర్వానికి హాయిగా ఉండేదట.

384లో మిలాన్ చేరాడు. అక్కడ బిషప్ ఆంబ్రోస్ ప్రసంగాలు విన్నాడు, ప్లేటో మార్గీయుల పుస్తకాలు చదివాడు. దాంతో కీడు అనేది ఒక వస్తువు కాదని, ఉండాల్సిన మంచి లేకపోవడమేనని తేల్చుకున్నాడు. గుడ్డితనం కంటిలోకి వచ్చి కూర్చున్న పదార్థం కాదు, చూపు పోవడం. కప్పదోకియాలో బసిల్ కూడా కీడుకు కర్త దేవుడు కాదు అన్న ప్రసంగంలో దాదాపు ఇదే అన్నాడు. మరి ఆ లోటు ఎలా వచ్చింది? 388 ప్రాంతంలో రోములో మొదలుపెట్టిన 'స్వేచ్ఛాచిత్తం' సంభాషణలో ఎవోదియస్ మొదటి మాటగానే కీడుకు కర్త దేవుడే కదా అన్నట్టు అడుగుతాడు. జవాబు: మన ఇష్టం గొప్ప మేలును వదిలి చిన్న మేలువైపు తిరగడమే చెడుకు మూలం. ఇక్కడి అగస్టీన్‌కీ ఒరిజెన్‌కీ పెద్ద తగవు లేదు. ఎదురుగా ఉన్నది మానీ మనుషులు. వాళ్ళతో వాదించేటప్పుడు స్వేచ్ఛను ఎత్తి పట్టుకోవాల్సిందే.

తర్వాత హిప్పోలో బిషప్ అయ్యాడు. 396 ప్రాంతంలో మిలాన్ నుంచి సింప్లిసియన్ రోమా తొమ్మిది మీద ప్రశ్నలు పంపాడు. అదే యాకోబు, ఏశావు. జవాబు రాస్తూ రాస్తూ అగస్టీన్ మారిపోయాడు. దేవుడు యాకోబు చేయబోయే పనులు ముందే చూసి ఎంచుకున్నాడు అంటే కృప ఉచితం కాకుండా కూలి అయిపోతుంది. విశ్వసించాలన్న కోరిక కూడా కృప ఇచ్చిందే. ముసలితనంలో వెనక్కి తిరిగి చూసి, మనిషి స్వేచ్ఛ కోసం పెనుగులాడాను గానీ దేవుని కృపే గెలిచింది అని రాసుకున్నాడు. కృప విషయంలో తర్వాత అగస్టీన్‌తో తగవు పడిన పెలాగియస్ ఇంకా రంగం మీదికి రాలేదు, అది గమనించండి. పెలాగియస్ మీద కోపంతో మారాడని చాలామంది అంటారు, తేదీలు అలా చెప్పడం లేదు.

వాయిదా_వకీలు
పెలాగియస్ తరఫున ఎవరూ లేరు కాబట్టి నేను హాజరవుతున్నాను. బ్రిటన్ నుంచి రోముకి వచ్చిన సన్యాసి. ఆ నగరంలో పేరుకే క్రైస్తవులైన ధనవంతుల్ని చూసి విసిగిపోయాడు. అగస్టీన్ 'ఒప్పుకోళ్ళు' పదో భాగంలో "నువ్వు ఆజ్ఞాపించేది నాకు ఇవ్వు, ఆపైన నీకిష్టమైంది ఆజ్ఞాపించు" అన్న ప్రార్థన ఉంది. ఒక బిషప్ దాన్ని తన ఎదుట చదివితే పెలాగియస్ భరించలేక దాదాపు గొడవకి దిగాడు. ఎందుకు? తప్పు చేసిన ప్రతివాడూ "నాకు ఇవ్వలేదు, నేనేం చేయను" అని తప్పించుకోడా? 413 ప్రాంతంలో దెమెత్రియాస్ అనే గొప్పింటి అమ్మాయికి రాసిన ఉత్తరంలో ఆయన మాట సూటిగా ఉంటుంది: మనకి ఎంత బలముందో ఆ బలం ఇచ్చినవాడికి తెలియదా? చేయలేని పని చెప్పి, చేయలేదని శిక్షిస్తాడా? ఏ కోర్టులో అయినా ఇది మంచి వాదనే.

410లో అలారిక్ సేనలు రోమును దోచాక ఆయన ఆఫ్రికా మీదుగా పాలస్తీనా వెళ్ళాడు. 415లో దియోస్పోలిస్ సభ విచారించి వదిలేసింది. ఆఫ్రికా బిషపులు వదల్లేదు. 418లో కార్తేజి సభ ఖండించింది, హోనోరియస్ చక్రవర్తి బహిష్కరించాడు, మొదట్లో మెత్తగా ఉన్న పోపు జోసిమస్ కూడా చివరికి సంతకం పెట్టాడు. వాదనలో ఓడాడా, రాజకీయంలో ఓడాడా అన్నది నా ప్రశ్న.

నైట్‌డ్యూటీ
నేను పసిపిల్లల వార్డులో నర్సుని. మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిబిడ్డల సంగతి అగస్టీన్ ఏమన్నాడు? అరచేతిలో పట్టేంత బిడ్డ ఊపిరి కోసం పక్కటెముకలు లోపలికి లాగుతుంటే చూస్తూ నిలబడే ఉద్యోగం నాది. ఆ బిడ్డ ఏ గొప్ప మేలును వదిలి ఏ చిన్న మేలువైపు తిరిగింది?

మిలాన్_మేడి
దాచను సిస్టర్. ఆదాము దోషం పుట్టుకతో అందరికీ వస్తుందన్నాడు కాబట్టి వాళ్ళూ శిక్షలో ఉంటారనే అన్నాడు. అన్నింటికంటే తేలిక శిక్ష అని మాత్రం కలిపాడు. మీరడిగినదే ఎక్లానం బిషప్ జూలియన్ ఇంకా ఘాటుగా అడిగాడు. ఏ పాపం చేయని శిశువుల్ని వెంటాడేవాడు దేవుడా, నువ్వు మానీ మతాన్ని వదల్లేదు, వేషం మార్చావు అన్నాడు. అగస్టీన్ దాన్ని తిప్పికొట్టాడు: పసివాళ్ళ బాధ కళ్ళముందే ఉంది, దోషం లేదంటే ఈ బాధను అన్యాయంగా పెడుతున్నది ఎవరో నువ్వే చెప్పు. 430లో వాండల్ సేనలు హిప్పోను చుట్టుముట్టి ఉండగా చనిపోయాడు. అప్పటికి జూలియన్ మీద రాస్తున్న పుస్తకం సగంలోనే ఉంది. ఆయన ఎంత ఇష్టమైనా ఈ చోట నేను ఆయన వెనక నడవను.

పాతకాగితం
తూర్పు గ్రీకు చర్చివాళ్ళ జవాబు వేరు. నీస్సా గ్రెగరీ పసితనంలో పోయే బిడ్డల గురించే ఒక పుస్తకం రాశాడు. వాళ్ళు శిక్షలో ఉండరు, వాళ్ళకి జబ్బు అంటలేదు కాబట్టి వెలుగును చూడగలరు అంటాడు. పెరిగితే ఘోరాలు చేయబోయేవాళ్ళని దేవుడు ముందే చూసి తీసుకుపోతాడేమో అని కూడా ఒక ఊహ చేశాడు.

నైట్‌డ్యూటీ
మొదటిది పర్లేదు. రెండోది ఏ తల్లితోనైనా అని చూడమనండి.

సంస్కృతం_బెంచీ
అసలు దేవుడు మనిషిని మొదట్నుంచే తప్పు చేయనివాడిగా ఎందుకు చేయలేదు అన్నదానికి ఎవరైనా జవాబు చెప్పారా?

పాతకాగితం
180 ప్రాంతంలో లియాన్ బిషప్ ఐరేనియస్ చెప్పాడు. దేవుడికి చేతకాక కాదు. అప్పుడే సృష్టి అయినవాడు పసివాడు, సంపూర్ణత ఇచ్చినా తీసుకోలేడు. తల్లి బిడ్డకి అన్నం పెట్టగలదు, బిడ్డే ఇంకా తినలేడు. ఆయన లెక్కలో ఆదాము శిఖరం మీంచి పడిపోయిన మహానుభావుడు కాదు, నడక రాక తూలిన పిల్లాడు. అగస్టీన్ గీసిన ఆదాముకీ దీనికీ హస్తిమశకాంతరం.

లెక్క_తప్పదు
స్వేచ్ఛ ఉందనే అనుకుందాం. నేను రేపు ఏం చేస్తానో దేవుడికి ఇవాళే తెలుసు. తెలిసింది తప్పకూడదు. ఇంక నా చేతిలో ఏముంది?

మిలాన్_మేడి
రోమను రచయిత సిసెరో ఇదే చిక్కులో పడి స్వేచ్ఛ ఉంచి ముందస్తు జ్ఞానాన్ని వదిలేశాడు. 'దేవుని నగరం' అయిదో భాగంలో అగస్టీన్ రెండూ ఉంటాయంటాడు: నా ఇష్టం కూడా కారణాల వరుసలో ఒకటి, దేవుడికి తెలిసింది అదే. ఇంకో చోట, నువ్వు నిన్నటిని గుర్తుంచుకోవడం వల్ల నిన్నటి పనులు జరగలేదు కదా, అలాగే ఆయన ముందు తెలుసుకోవడం వల్ల రేపటివి జరగవు అంటాడు. సుమారు 524లో మరణశిక్షకి ఎదురుచూస్తూ తత్వవేత్త బొయీథియస్ ఇంకో మెట్టు ఎక్కాడు. దేవుడికి ముందు, వెనక లేవు, అంతా ఒకేసారి ఎదురుగా ఉంది. ఒకడు నడవడం నేను చూస్తున్నంత మాత్రాన వాణ్ణి నేను నడిపించడం లేదు. లెక్క గారు ఒప్పుకోరని తెలుసు, కానీ అది తెలివితక్కువ జవాబు కాదు.

వాయిదా_వకీలు
మరి కృపే అంతా చేస్తే సంఘంలో మందలింపులు ఎందుకు?

మిలాన్_మేడి
ఇదే ప్రశ్నతో ఒక మఠం రెండు ముక్కలైంది. హద్రుమేతుం, ఇప్పటి ట్యునీషియాలోని సూస్. ఫ్లోరస్ అనే సన్యాసికి అగస్టీన్ పాత ఉత్తరం ఒకటి కనబడితే నకలు రాయించి తన మఠానికి చేర్చాడు. అది చదివి కొందరు పెద్దలతో, తప్పు చేస్తే మమ్మల్ని తిట్టకండి, మాకోసం ప్రార్థన చేయండి చాలు అన్నారు! 426, 427ల్లో అగస్టీన్ వాళ్ళకి రెండు పుస్తకాలు రాయాల్సి వచ్చింది. మందలింపు కూడా కృప పనిచేసే దారుల్లో ఒకటని జవాబు. మొదటి పుస్తకంలో ఫరో కూడా ఉన్నాడు: దేవుడు న్యాయమైన తీర్పుతో కఠినపరిచాడు, ఫరో తన స్వేచ్ఛతో కఠినపరచుకున్నాడు, రెండూ నిజం. ఎలా కుదురుతుందో అక్కడ విప్పడు.

దక్షిణ గాల్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లో, దీనికి ఎదురు లేచింది. మార్సెయ్ సన్యాసి జాన్ కాసియన్, ఒక్కోసారి మొదటి అడుగు మనిషిది, ఒక్కోసారి దేవుడిది అన్నాడు. 529లో ఆరాంజ్ సభ మొదటి అడుగు ఎప్పుడూ కృపదే అని అగస్టీన్ పక్షం నిలిచింది. దేవుడు ఎవరినైనా చెడుకు ముందే నియమించాడని అనేవాళ్ళని మాత్రం శపించింది.

బాపట్ల_బంతిపూలు
అయితే మా పాస్టరు గారు చెప్పేది ఆరాంజ్ మాట, నాకు నచ్చుతున్నది ఒరిజెన్. కోడలు గారూ, మీ సుర్యానీవాళ్ళు ఈ తగవులో ఎటు?

కొట్టాయం_కోడలు
చాలావరకు ఎటూ కాదండి. ఇది లాటిన్ ఇంటి గొడవగానే మిగిలింది. ఒక్కసారి మాత్రం తూర్పుకి తగిలింది. పడమటివాళ్ళు వెళ్ళగొట్టిన జూలియన్, పెలాగియస్ శిష్యుడు కెలెస్తియస్ కాన్‌స్టాంటినోపుల్ చేరి అక్కడి బిషప్ నెస్టోరియస్ దగ్గర తలదాచుకున్నారు. వీళ్ళ సంగతేమిటని ఆయన రోము పోపుకి ఉత్తరాలు రాశాడు, అక్కడివాళ్ళకి ఒళ్ళు మండింది. 431 ఎఫెసు సభలో నెస్టోరియస్‌తో పాటు కెలెస్తియస్ బోధ కూడా కొట్టుకుపోయింది. అంటే క్రీస్తు స్వభావం మీద కూర్చున్న సభ స్వేచ్ఛ కేసును దారిలో తేల్చి పారేసింది, వాదనలు పెద్దగా వినకుండానే. వకీలు గారి ప్రశ్నకి అందులో కొంత జవాబుంది.

వాయిదా_వకీలు
ఆ ఉత్తరాల మీద వేరే థ్రెడ్ తెరవండమ్మా. నేను వకాలతు అక్కడ దాఖలు చేస్తాను.